విభక్తి లేని చోట కామా పెత్తనం

‘మై సిస్టర్స్ ఫ్రెండ్స్ బుక్స్’ అని ఎవరైనా అంటే అక్కలెందరో, స్నేహితులెందరో చెవికి తెలియదు. ఒక అక్క, ఆమెకో స్నేహితురాలు కావచ్చు. ఒకే అక్కకు నలుగురు స్నేహితులు ఉండవచ్చు. ఇద్దరు అక్కలకు కలిపి ఒక్కరే స్నేహితురాలు కావచ్చు, లేదా అటూ ఇటూ అనేకులే కావచ్చు. పలికితే నాలుగూ ఒకటే. తెలుగు లిపిలో రాసినా ఒకటే, ఎందుకంటే మన లిపి పలికిందే రాస్తుంది. ఇంగ్లీషు లిపిలో మాత్రం రెండు అపాస్ట్రఫీలు ‘ఎస్’ అక్షరానికి ముందు పడ్డాయా, తర్వాత పడ్డాయా అన్నదాన్ని బట్టి నాలుగు అర్థాలూ విడివిడిగా కనిపిస్తాయి. అదే ‘మా అక్క స్నేహితురాలి పుస్తకాలు’, ‘మా అక్కల స్నేహితురాళ్ల పుస్తకాలు’ అన్నప్పుడు ఏ చుక్కా అక్కర్లేదు. బహువచనమే లెక్క చెప్పేస్తుంది.

ఇంగ్లీషు నేర్పే ప్రతి బడిలోనూ వినిపించే ‘లెట్స్ ఈట్, గ్రాండ్‌మా’ జోకు కూడా ఈ కోవలోదే. కామా ఉంటే అమ్మమ్మను భోజనానికి పిలవడం, తీసేస్తే అమ్మమ్మనే భోంచేయడం. పిల్లలు నవ్వుతారు, టీచరు తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతారు. ఆ నవ్వు వెనకున్న ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇదే మాట తెలుగులో ఎందుకు బెడిసికొట్టదు? ‘తిందాం అమ్మమ్మా’ అన్నప్పుడు చివరి దీర్ఘం అది పిలుపని చెబుతుంది. ‘అమ్మమ్మను తిందాం’ అనాలంటే ద్వితీయా విభక్తి నోటికి రావలసిందే. పిలిచేవాళ్లనూ తినేవాటినీ వేరుచేసే పని మనకు మాట చివరే జరిగిపోతుంది.

ఒకప్పుడు ఇంగ్లీషుకూ ఈ సదుపాయం ఉండేది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. వైకింగుల రాక, 1066లో నార్మన్ల విజయం తర్వాత భాషలు కలగాపులగం కావడం, మాట చివరి అచ్చులు బలహీనపడటం, ఇవన్నీ కలిసి కొన్ని శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలను దాదాపు రాల్చేశాయి. సర్వనామాల్లో కొన్ని రూపాలు, స్వామ్యాన్ని చెప్పే ‘ఎస్’ మాత్రం మిగిలాయి. ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పే భారమంతా మాటల వరస మీద పడింది. కుక్క మనిషిని కరిచిందన్నా, మనిషిని కుక్క కరిచిందన్నా తెలుగులో కరిచింది కుక్కే. ఇంగ్లీషులో మాటలు తారుమారైతే కరిచిందెవరో మారిపోతుంది. ఒకే వరస రెండు రకాలుగా విడిపోగలిగిన చోట ఇక దిక్కు కామాయో సెమికోలనో. కోర్టుకెక్కిన కామా తగాదాలకు మూలం ఇక్కడుంది.

ఈ గుర్తులు పుట్టినప్పుడు వాటికి ఇంత బరువు లేదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాధికారి, బైజాంటియం ఊరివాడైన అరిస్టోఫనీస్ (నాటకాలు రాసినాయన వేరు) మాటల మధ్య ఖాళీ కూడా లేని గ్రీకు రాతలో, పైకి చదివేవాళ్లు ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పడానికి మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టాడు. అంటే అవి ఊపిరి గుర్తులు. 1490లలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన పుస్తకంలో సెమికోలన్ కనిపించింది. 1566లో అతని మనవడు, అదే పేరు పెట్టుకున్నవాడు, ఈ గుర్తుల అసలు పని వాక్య నిర్మాణాన్ని తేటపరచడమేనని రాశాడు. ఊపిరి వాదమూ వ్యాకరణ వాదమూ ఇంగ్లీషులో ఇప్పటికీ పూర్తిగా విడిపోలేదు. ‘ఆగాలనిపించిన చోట కామా’ అని నేర్చుకున్నవారూ, ‘వాక్యం విడిపోయే చోట కామా’ అని నేర్చుకున్నవారూ ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని ఒకరి డ్రాఫ్టు ఒకరు దిద్దుకుంటూ ఉంటారు.

విరుపు తప్పితే ఏమవుతుందో నాటకకర్తలు ముందే పసిగట్టారు. షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ ఐదో అంకంలో పీటర్ క్విన్స్ ఆగకూడని చోట ఆగి, ఆగవలసిన చోట ఆగక, ప్రభువులను మెప్పించబోయి అవమానించినంత పని చేస్తాడు. అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందే నికొలస్ ఉడాల్ ‘రాల్ఫ్ రాయిస్టర్ డాయిస్టర్’లో ఒక ప్రేమలేఖను ఇలాగే తప్పు విరుపులతో చదివించాడు. ప్రేమలేఖ కాస్తా తిట్ల దండకమైంది. మన పండితులకూ ఇలాంటి వేళాకోళం ఒకటుంది. ‘రామునితో కపివరుండు’ అన్నదాన్ని ‘రాముని తోక, పివరుండు’ అని చదివి శ్రీరామచంద్రుడికి తోక తగిలించిన మహానుభావుడి కథ తెలియని తెలుగు మాస్టారు ఉండరు. తేడా ఏమిటంటే, మన తమాషా మాటను ఎక్కడ విరవాలన్నదాని మీద నడుస్తుంది, వాళ్లది వాక్యాన్ని ఎక్కడ విరవాలన్నదాని మీద. హిందీలో ‘రోకో మత్ జానే దో’ అన్న పాత పొడుపు రెండో రకానిదే. కామా ‘రోకో’ తర్వాత పడితే ఆపమని, ‘మత్’ తర్వాత పడితే పోనివ్వమని.

నవ్వులాట ముగిసి డబ్బులాట మొదలయ్యేది జాబితాల దగ్గర. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఒకటిన్నర రెట్ల కూలి ఇవ్వాలి. పాడైపోయే ఆహార పదార్థాలకు సంబంధించిన కొన్ని పనులకు ఈ నియమం వర్తించదు. ఆ పనులను చట్టం ఇలా వరసపెట్టింది: ‘క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్, ఫ్రీజింగ్, డ్రయింగ్, మార్కెటింగ్, స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’. పోర్ట్‌లాండ్‌లోని ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ బకాయిల కోసం కోర్టుకు వెళ్లారు. పాలు పంచే పని, అంటే డిస్ట్రిబ్యూషన్, మినహాయింపులో ఉందని డెయిరీ వాదన. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా ఎక్కడుందని డ్రైవర్లు అడిగారు. కామా లేదు కాబట్టి అక్కడ చెప్పింది ఒకే పని, రవాణా కోసమో పంపిణీ కోసమో ప్యాక్ చేయడం. డ్రైవర్లు ప్యాక్ చేయరు, బండి నడుపుతారు.

వాళ్ల వాదనలో ఇంకో పదునైన ముక్క ఉంది. జాబితాలో పనులన్నీ ‘ఇంగ్’తో ముగుస్తున్నాయి. డిస్ట్రిబ్యూషన్ ఒక్కటే అలా లేదు, అది షిప్‌మెంట్‌కు జోడీగా కూర్చుంది. అది విడి పనే అయితే దానికీ ఆ తోక ఉండేది కదా? డెయిరీ వైపు నుంచీ గట్టి జవాబే వచ్చింది. చట్టాలు రాసేవాళ్లకు మెయిన్ శాసనసభ ఇచ్చిన మార్గదర్శక పుస్తకమే జాబితాలో చివరి అంశం ముందు కామా పెట్టవద్దంటోంది. కింది కోర్టు డెయిరీ మాట విన్నది. 2017 మార్చిలో అప్పీళ్ల కోర్టు డ్రైవర్ల మాట విన్నది. న్యాయమూర్తి డేవిడ్ బ్యారన్ ఆ తీర్పును మొదలుపెట్టిందే ఒక కామా లేకపోవడం వల్ల ఈ కేసు వచ్చిందంటూ. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

ఈ కథను పత్రికలు ‘50 లక్షల డాలర్ల కామా’గా ఊరేగించాయి. తీర్పు పూర్తిగా చదివితే మాత్రం కామా అంత వీరోచితంగా కనిపించదు. వాక్యానికి రెండు అర్థాలూ పొసగుతున్నాయని కోర్టు ఒప్పుకుంది. అలాంటప్పుడు కార్మికులకు అనుకూలంగా ఉదారంగా చదవాలన్నది ఆ రాష్ట్ర కూలి చట్టం సూత్రం. గెలిపించింది ఆ సూత్రం. కామా చేసిందల్లా సందేహానికి తలుపు తెరిచి పెట్టడం.

ఇదే జబ్బు మన దేశంలో అంతకు 38 ఏళ్ల ముందే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని 27వ సెక్షన్, నిబంధనలకు విరుద్ధమైన మందులను అమ్మకానికి తయారుచేసేవాడిని, అమ్మేవాడిని, ‘స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్’ చేసేవాడిని శిక్షించమనేది. ఊరికే నిల్వ ఉంచుకోవడం నేరమా, అమ్మకానికి నిల్వ ఉంచితేనే నేరమా? 1979లో మహమ్మద్ షబ్బీర్ కేసులో కోర్టు ‘స్టాక్స్’ తర్వాత కామా లేదన్న సంగతిని పట్టుకుంది. కామా లేదు కాబట్టి ‘ఫర్ సేల్’ అన్నది రెండు మాటలకూ వర్తిస్తుంది, అమ్మే ఉద్దేశం రుజువు కాకుండా నిల్వ ఒక్కటే నేరం కాదని తేల్చింది. కింది కోర్టులు వేసిన శిక్ష రద్దయింది. డాలర్ల లెక్క లేదు కాబట్టి కాబోలు, ఈ కామా లా కాలేజీల బయట ఎవరికీ తెలియదు. మెయిన్ డ్రైవర్ల కథ కంటే ఇది ఏ రకంగానూ చిన్నది కాదు, ఇక్కడ పణంగా ఉన్నది మనిషి స్వేచ్ఛ.

జాబితాలో చివరి ‘అండ్’ ముందు పెట్టే కామాకు ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని తన ఇంటి నియమంగా పాటిస్తూ వచ్చింది. షికాగో మాన్యువల్ పెట్టమంటుంది. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మామూలు జాబితాల్లో అక్కర్లేదంటుంది. 2020 జనవరిలో బ్రెగ్జిట్ గుర్తుగా బ్రిటన్ విడుదల చేసిన 50 పెన్నీల నాణెం మీద ‘శాంతి, సమృద్ధి, స్నేహం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మధ్య ఆ కామా లేదని రచయిత ఫిలిప్ పుల్‌మన్ నాణేన్నే బహిష్కరించమన్నాడు. నిజానికి ఆ మూడు మాటల్ని ఎలా చదివినా అర్థం చెడదు, కోపం కామా మీదేనా అన్నది వేరే సంగతి. ఈ కామా భక్తులు చూపే పాత ఉదాహరణ ఒక పుస్తకం అంకితానిది: ‘టు మై పేరెంట్స్, అయన్ రాండ్ అండ్ గాడ్’. చివరి కామా లేక, రచయిత తల్లిదండ్రులు నవలా రచయిత్రి అయన్ రాండూ దేవుడూ అయిపోయారు. అయితే ‘పేరెంట్స్’ తీసి ‘మదర్’ అని పెట్టి చూడండి. ‘టు మై మదర్, అయన్ రాండ్, అండ్ గాడ్’ అంటే, ఈసారి కామా ఉన్నందుకే అమ్మ పేరు అయన్ రాండ్ అవుతుంది. నియమం ఏదైనా గుడ్డిగా పాటిస్తే ఎక్కడో బోల్తా కొడుతుంది. తెలుగులో ‘అమ్మకు, అయన్ రాండ్‌కు, దేవుడికి’ అన్నప్పుడు ప్రతి మాటా తన ‘కు’ తాను మోసుకుని వస్తుంది. అమ్మే అయన్ రాండ్ అని చెప్పాలంటే ‘అయిన’ అనో మరొకటో వేయక తప్పదు.

వాక్యం చివర వేలాడే షరతు ఇంకో గోతి. కెనడాలో రోజర్స్, అలియాంట్ అనే రెండు కంపెనీల మధ్య కేబుల్ స్తంభాల వాడకంపై 2002లో ఒప్పందం కుదిరింది. ఐదేళ్లు అమల్లో ఉంటుంది, ఆపైన ఐదేసి ఏళ్లు కొనసాగుతుంది, ఏడాది ముందు నోటీసిచ్చి ఎవరైనా రద్దు చేసుకుంటే తప్ప. ఇంగ్లీషు ప్రతిలో ఈ ‘తప్ప’కు ముందు కామా ఉంది. కామా ఉంది కాబట్టి షరతు వాక్యం మొత్తానికి వర్తిస్తుంది, మొదటి ఐదేళ్లలోనే రద్దు చేయవచ్చునని 2006లో టెలికాం నియంత్రణ సంస్థ అలియాంట్ వైపు చెప్పింది. రోజర్స్‌కు పడే అదనపు ఖర్చు 20 లక్షల కెనడా డాలర్లు దాటుతుందని లెక్కలు కట్టారు. ఈ కథ చాలాచోట్ల ఇక్కడే ఆగిపోతుంది. కానీ అదే ఒప్పందానికి సమాన ప్రామాణికత ఉన్న ఫ్రెంచి ప్రతి ఒకటుంది. అందులో ఈ గందరగోళం లేదు. 2007లో సంస్థ దాన్ని చూసి మొదటి ఐదేళ్లకు రోజర్స్ మాటే ఖాయం చేసింది. ఇంగ్లీషు కామా తెచ్చిన తంటాను ఫ్రెంచి వాక్యం తీర్చింది.

రోజర్ కేస్‌మెంట్‌కు అలాంటి రెండో ప్రతి దొరకలేదు. ఐరిష్ స్వాతంత్ర్యం కోసం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ వెళ్లి, అక్కడి యుద్ధఖైదీల్లోంచి ఐరిష్ దళాన్ని కూడగట్టబోయిన ఆయనపై 1916లో లండన్‌లో దేశద్రోహం కేసు నడిచింది. ఆధారం 1351 నాటి చట్టం. రాజు శత్రువులతో రాజ్యంలో చేతులు కలపడం, వారికి రాజ్యంలో ‘లేదా మరెక్కడైనా’ సాయం చేయడం అని అందులో ఉంది. ఆ ‘మరెక్కడైనా’ దేనికి అంటుకుంటుంది? చేతులు కలిపింది రాజ్యం లోపలైతేనే నేరమని, కేస్‌మెంట్ చేసిందంతా జర్మనీలోనని డిఫెన్సు వాదించింది. సాయం గురించిన మాటల్ని రెండు కామాల మధ్య పక్కకు పెట్టి చదివితే ‘మరెక్కడైనా’ నేరుగా చేతులు కలపడానికి తగులుతుందని, బయట చేసినా ద్రోహమేనని ప్రాసిక్యూషన్. చట్టం రాసింది నార్మన్ ఫ్రెంచిలో, ఇప్పటి కామాలు పుట్టక ముందు. ఇద్దరు న్యాయమూర్తులు స్వయంగా పబ్లిక్ రికార్డ్ ఆఫీసుకు వెళ్లి ఆ పాత తోలుకాగితాన్ని పరీక్షించారు. 1916 ఆగస్టు 3న పెంటన్‌విల్ జైల్లో కేస్‌మెంట్‌ను ఉరితీశారు. కామాకు ఉరేశారన్న నానుడి అప్పటినుంచి ఉంది. యుద్ధం నడుమ, ఐర్లండులో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన కొద్ది నెలలకే, ఏ విరుపైనా ఆయన్ని కాపాడేదా అన్నది అనుమానమే.

వీటన్నిటికంటే బరువైన మార్పు 1945లో జరిగింది, దాన్ని గురించి వినిపించేది తక్కువ. ఆగస్టు 8న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాజీ నాయకులను విచారించే ట్రిబ్యునల్ కోసం లండన్‌లో సంతకం చేసిన నూరెంబర్గ్ చార్టర్ ఆరో అధికరణం మానవాళిపై నేరాలను నిర్వచించింది. మొదటి భాగంలో యుద్ధానికి ముందు గానీ, యుద్ధకాలంలో గానీ పౌరులపై జరిగిన హత్యలు, నిర్మూలన, బానిసత్వం, బలవంతపు తరలింపు. రెండో భాగంలో రాజకీయ, జాతి, మత కారణాలతో వేధింపులు. చివర ఒక షరతు: ఈ ట్రిబ్యునల్ విచారించే ఇతర నేరాలతో, అంటే దురాక్రమణ యుద్ధంతో, యుద్ధ నేరాలతో, సంబంధం ఉండాలి. ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రతుల్లో రెండు భాగాల మధ్య సెమికోలన్ ఉంది. రష్యన్ ప్రతిలో కామా ఉంది.

సెమికోలన్ గోడలా నిలబడితే చివరి షరతు రెండో భాగానికే పరిమితం. అప్పుడు యుద్ధంతో సంబంధం లేకపోయినా, యుద్ధానికి ముందు జరిగిన హత్యలు సైతం విడిగా నేరాలే. కామా అయితే షరతు రెండు భాగాల మీదకూ పారుతుంది. 1945 అక్టోబరు 6న నాలుగు దేశాలూ బెర్లిన్‌లో ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్‌పై సంతకాలు చేసి సెమికోలన్ తీసి కామా పెట్టాయి. ఒక్క గుర్తు కోసం అంతర్జాతీయ ఒప్పందం! మరుసటి ఏడాది ఇచ్చిన తీర్పులో ట్రిబ్యునల్, 1939కి ముందు జర్మనీలో యూదులపై దారుణాలు జరిగాయని ఒప్పుకుంటూనే, యుద్ధంతో వాటికి సంబంధం తగినంతగా రుజువు కాలేదు కాబట్టి వాటిని మానవాళిపై నేరాలుగా ప్రకటించలేమంది. తమ ప్రభుత్వాలు తమ పౌరులతో ఎలా వ్యవహరించాయన్నది రేపు మరో కోర్టు తేల్చకూడదన్న జంకు ఆ నాలుగు దేశాల్లో దేనికీ తక్కువ లేదని గుర్తుంచుకుంటే, దీన్ని అచ్చుతప్పు సవరణగా మాత్రమే చూడటం కష్టం.

చరిత్రలో కామా కథలన్నీ ఇంత గట్టివి కావు. 1327లో పదవి కోల్పోయి ఖైదులో ఉన్న ఇంగ్లండు రాజు రెండో ఎడ్వర్డ్‌ను చంపమనో చంపవద్దనో రెండు రకాలుగా చదవగల లాటిన్ సందేశం ఒక బిషప్ పంపాడన్న కథ షేక్‌స్పియర్ సమకాలికుడు మార్లో నాటకం పుణ్యమా అని నిలిచిపోయింది. అదే సందేశం అంతకు శతాబ్దం ముందు హంగరీ రాణి హత్య విషయంలో మరో మతాధిపతికి అంటగట్టి ఉంది కాబట్టి చరిత్రకారులు నమ్మరు. 1872 నాటి అమెరికా సుంకాల చట్టం కథ మాత్రం నిజం. పన్ను లేని వస్తువుల జాబితాలో ‘ఫ్రూట్ ప్లాంట్స్’, అంటే పండ్ల మొక్కలు, అని ఉండవలసిన చోట నడుమ కామా పడి ‘ఫ్రూట్, ప్లాంట్స్’ అయింది. ఉష్ణమండల పండ్లన్నిటికీ సుంకం ఎగిరిపోయింది. 1874లో దిద్దుకునేలోగా ఖజానాకు సుమారు 20 లక్షల డాలర్లు చిల్లు. అమెరికా రాజ్యాంగపు రెండో సవరణలో మూడు కామాల మీద నడిచిన వాదానికైతే అంతే లేదు. ఆయుధాల హక్కు పౌరదళానిదా, ప్రతి వ్యక్తిదా అన్నదానికి కామాలను సాక్ష్యం పిలిచినవాళ్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. 2008లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో వ్యక్తి హక్కే అన్నది. తొమ్మిది మందీ చూసింది అవే కామాలను.

కోర్టుల బయట కామా నిత్యం చేసే పని మరొకటుంది, ఇంగ్లీషు రాసే తెలుగువాళ్లు ఎక్కువగా జారేదీ ఇక్కడే. ‘ది స్టూడెంట్స్ హూ ఫెయిల్డ్ క్రైడ్’ అంటే తప్పినవాళ్లు మాత్రమే ఏడ్చారు. ‘ది స్టూడెంట్స్, హూ ఫెయిల్డ్, క్రైడ్’ అంటే అందరూ తప్పారు, అందరూ ఏడ్చారు. ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ డాలస్’ అని కామా లేకుండా రాస్తే డాలస్‌లో ఉండని అన్నదమ్ములు కూడా ఉన్నారని చదివేవాడు అనుకుంటాడు. జారడానికి కారణం లేకపోలేదు. ‘పరీక్ష తప్పిన పిల్లలు ఏడ్చారు’ అన్న మాటలో ఈ రెండు అర్థాలూ ఇమిడే ఉంటాయి. సందర్భం తెలిస్తే సరి, లేకపోతే ఏ కామా పెట్టినా వాటిని విడదీయలేం. విభక్తులు అన్నీ చూసుకుంటాయని మురిసిపోయే పని లేదన్నమాట. ‘నేను నిన్న కొన్న పుస్తకం చదివాను’ అంటే నిన్న కొన్నాడా, నిన్న చదివాడా? ఇక్కడ మాత్రం ‘నిన్న’ తర్వాత ఒక కామా మనకూ ఉపకారమే.

చదివేవాడి మెదడులో ఏం జరుగుతుందో పరిశోధకులు పరీక్షించి చూశారు. ‘వైల్ అన్నా డ్రెస్డ్ ది బేబీ స్పిట్ అప్ ఆన్ ది బెడ్’ అన్న వాక్యం మొదలుపెట్టినవాడు, అన్నా పాపకు బట్టలు తొడుగుతోందని అనుకుంటాడు. ముందుకెళితే కాలు జారుతుంది. అన్నా తనకు తాను ముస్తాబవుతుంటే పాప మంచం మీద కక్కింది. ‘డ్రెస్డ్’ తర్వాత ఒక్క కామా ఉంటే ఈ తడబాటే ఉండదు. కీల్ క్రిస్టియన్‌సన్, ఫెర్నాండా ఫెరేరా బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో ఆసక్తికరమైన సంగతి తేలింది. పాపే కక్కిందని సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లలో కూడా చాలామంది, అన్నా పాపకు బట్టలు తొడిగిందా అని అడిగితే అవునన్నారు. వాక్యాన్ని దిద్దుకున్నాక కూడా మొదటి తప్పు అర్థం మనసులోంచి పోలేదు.

హైఫన్ పొట్టిదే, తక్కువది కాదు. ‘మ్యాన్ ఈటింగ్ షార్క్’ మధ్యలో హైఫన్ ఉంటే మనిషిని తినే సొరచేప, లేకపోతే సొరచేపను తింటున్న మనిషి. ‘టెన్ ఇయర్ ఓల్డ్ చిల్డ్రన్’లో రెండు హైఫన్లు ఉంటే పదేళ్ల పిల్లలు, రెండోది ఒక్కటే ఉంటే ఏడాది పిల్లలు పదిమంది. అయినా జనానికి హైఫన్ మీద ఓపిక తగ్గుతోంది. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరో కూర్పు దాదాపు 16,000 మాటల్లోంచి దాన్ని తీసేసింది.

అపాస్ట్రఫీకి కూడా గడ్డుకాలమే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2009లో వీధి బోర్డుల మీద దాన్ని వదిలేస్తున్నట్టు చెప్పింది. అమెరికా ప్రభుత్వపు స్థలనామాల బోర్డు 1890లో పుట్టినప్పటినుంచీ ఊళ్ల పేర్లలో అపాస్ట్రఫీని రానివ్వడం లేదు, మార్తాస్ విన్‌యార్డ్ లాంటి అరడజనుకు లోపు పేర్లు తప్ప. పటం మీద పోయినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు. ఫేస్‌బుక్‌లో పోతే ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్‌వేల్స్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు 2020 అక్టోబరులో ఒక పోస్టు పెట్టాడు. మరో ఏజెంటు కోట్ల విలువైన ఇళ్లు అమ్ముతాడు గానీ తన ‘ఎంప్లాయీస్’ సూపర్‌యాన్యుయేషన్, అంటే అక్కడి పదవీ విరమణ నిధి, కట్టలేడని. అపాస్ట్రఫీ లేదు. ఒక్క ఉద్యోగి గురించే రాయబోయానని, గుర్తు మరిచానని ఆయన వాదన. గుర్తు లేకపోతే అది ఉద్యోగులందరి మాటగా, అంటే అలవాటుగా ఎగ్గొట్టే మనిషన్న ఆరోపణగా చదవవచ్చునని 2021లో న్యాయమూర్తి అంటూ, పరువునష్టం దావాను మొదట్లోనే కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

ఫోన్ల కాలంలో గుర్తులకు కొత్త అర్థాలు మొలిచాయి. 2015లో అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులపై చేసిన పరిశోధనలో, ఒక్కమాట జవాబు చివర ఫుల్‌స్టాప్ పెట్టిన మెసేజ్ మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు లేదని వారికి అనిపించింది. చేత్తో రాసిన చీటీలో అదే ఫుల్‌స్టాప్ ఏ అనుమానమూ పుట్టించలేదు. మన ఊళ్ల దుకాణాల బోర్డుల మీద ‘ఫ్రెష్’ అన్న మాటను గట్టిగా చెప్పడానికి కోట్స్‌లో పెడుతుంటారు. ఇంగ్లీషు అలవాటున్న కంటికి అది పేరుకే ఫ్రెష్ అన్న వెక్కిరింతలా కనబడుతుంది.

ఏ గుర్తూ ఆదుకోలేని వాక్యాలూ ఉన్నాయి. భాషావేత్త చామ్‌స్కీ ప్రసిద్ధం చేసిన ‘ఫ్లయింగ్ ప్లేన్స్ కెన్ బి డేంజరస్’లో ప్రమాదం విమానం నడపడంలో ఉందా, ఎగిరే విమానాల్లో ఉందా? ఎక్కడ కామా పెట్టినా తేలదు. వాక్యాన్ని మార్చి రాయవలసిందే. విరామ చిహ్నం కొత్త అర్థాన్ని పుట్టించదు, మాటల్లో అప్పటికే ఉన్న రెండింట్లో ఒకదాన్ని చూపిస్తుంది. అందుకే న్యాయమూర్తులు దాన్ని ఎప్పుడూ కాస్త దూరం పెట్టి చూస్తారు. 1952లో మన సుప్రీంకోర్టు విన్న అశ్వినీకుమార్ ఘోష్ కేసులో జస్టిస్ బి.కె. ముఖర్జియా, చట్టాన్ని అన్వయించడంలో విరామ చిహ్నాలది చిన్న పాత్రేనని రాశారు. 27 ఏళ్ల తర్వాత అదే సుప్రీంకోర్టు లేని ఒక కామాను చూసి షబ్బీర్‌ను విడిచిపెట్టింది. రెండింటికీ వైరుధ్యమేమీ లేదు. మాటలు, చట్టం ఉద్దేశం, కామా మూడూ ఒకే వైపు చూపినప్పుడు కోర్టు కామా పేరు ధైర్యంగా చెబుతుంది. అవి తలోదారి పట్టినప్పుడు ముందు వదిలేసేది కామానే.

డ్రైవర్ల కేసులో డెయిరీ ఓడాక మెయిన్ శాసనసభ ఆ వాక్యాన్ని దిద్దింది. కామాలన్నీ తీసి ప్రతి పనికీ మధ్య సెమికోలన్ పెట్టారు, ‘షిప్‌మెంట్’ తర్వాత కూడా. అంతటితో ఆగలేదు. ‘డిస్ట్రిబ్యూషన్’ను ‘డిస్ట్రిబ్యూటింగ్’ చేశారు. ఇప్పుడు సెమికోలన్ అచ్చులో జారిపోయినా, పాలు పంచడం ప్యాకింగ్‌లో కలిసిపోదు.